సంజపూవు నూనె – ఔషధ, సౌందర్య ప్రయోజనముల పరిశీలన

నేడు మందుల దుకాణములలోను, సౌందర్య సామగ్రి అమ్ము అంగళ్లలోను పసిడివన్నె గల ఒక మెత్తని గుళిక తరచుగా కనిపించుచున్నది. దాని సీసాపై 'ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్' అని వ్రాసియుండును. దీనిని మ్రింగినచో చర్మము నునుపెక్కునని కొందరు, ఎగ్జిమా మానునని కొందరు, నెలసరి బాధలు తొలగునని కొందరు చెప్పుచున్నారు. మా విద్యార్థినులలో పలువురు ఈ గుళికలను వాడుచున్నట్లు విన్నాము. వాడువారిలో ఆ పూవు ఎట్లుండునో, ఆ నూనె ఏ భాగము నుండి వచ్చునో, అది చేయు మేలు ఎంతవరకు ఋజువైనదో తెలిసినవారు మాత్రము అరుదు. చేతిలోని డబ్బును, ఒక్కొక్కసారి రోగము ముదురక ముందే చికిత్స పొందవలసిన విలువైన కాలమును దీనిపై వెచ్చించుచున్నందున, ఈ విషయమును కొంత వివరముగా చర్చించుట అవసరమని మాకు తోచినది.

తెలుగు బోధించువారికి ఈ మూలికల సంగతి ఏల అని విజ్ఞానశాస్త్ర శాఖలలోని మిత్రులు అడుగవచ్చును. ఈ పూవు కథలో సగము పేర్ల కథయే. పేరు తప్పినచోట మందు తప్పును. కావున అక్కడి నుండియే ఆరంభించెదము.

పేర్ల చిక్కు

ఆంగ్లమున 'ప్రిమ్‌రోజ్' అనునది ప్రిమ్యులా జాతికి చెందిన వేరొక పూవు. 'రోజ్' అన్న మాట వినిపించినను అది గులాబీయు కాదు. మనము చర్చించుచున్న మొక్క ఆ రెండింటికిని చుట్టము కాదు. ఇది ఓనాగ్రేసీ అను వేరొక కుటుంబమునకు చెందినది. లిన్నేయస్ పండితుడు 1753లో దీనికి ఈనోథెరా బైఎన్నిస్ అని శాస్త్రీయ నామమిచ్చెను. 'బైఎన్నిస్' అనగా రెండేండ్లు బ్రతుకునది అని అర్థము. దీనికి తెలుగున స్థిరపడిన పేరు లేదు. సంజవేళ విచ్చు పూవు గనుక ఈ వ్యాసములో దీనిని 'సంజపూవు' అని వ్యవహరించెదము. ఇది మేము సౌకర్యము కొరకు కూర్చుకొన్న మాటయే గాని నిఘంటువులలో వెదకి తెచ్చినది కాదు.

పేరు లేకపోవుట కంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. మన పెరళ్లలో సాయంకాలము నాలుగైదు గంటలకు విచ్చుకొను చంద్రకాంత పూవును ఎరుగనివారు లేరు. మా ఇండ్లలో ఉర్దూలో దానిని గుల్-ఎ-అబ్బాస్ అందురు. 'సాయంత్రము పూచు పూవు' అనగానే మన విద్యార్థులు చంద్రకాంతనే తలచుట సహజము. ఇది ఎంతమాత్రము సరికాదు. చంద్రకాంత శాస్త్రీయ నామము మిరాబిలిస్ జలాపా. అదియు అమెరికా ఖండము నుండి వచ్చినదే గాని దాని కుటుంబము వేరు, గుణములు వేరు. దాని వేరు తీవ్రమైన విరేచనకారి. గింజలు విషపూరితములు. జపానులో ఆ గింజల లోపలి తెల్లని పిండిని ముఖమునకు పూయు పొడితో పోల్చి, ఆ పూవునకు 'తెల్లపొడి పూవు' అను అర్థము వచ్చు పేరు పెట్టినారు. అంతమాత్రమున ఆ గింజలను నూరి లోనికి పుచ్చుకొనరాదు. సంజపూవు నూనె మంచిదని ఎచ్చటనో చదివి పెరటిలోని చంద్రకాంత గింజలను సేకరించుటకు ఎవ్వరును పూనుకొనవలదని మా హెచ్చరిక.

జీవశాస్త్రము చదువు విద్యార్థులకు ఈ రెండు పూలను గూర్చి మరొక వినోదకరమైన సంగతి చెప్పవలెను. మెండెల్ అనువంశిక సూత్రములను 1900లో తిరిగి వెలుగులోనికి తెచ్చిన శాస్త్రజ్ఞులలో ఇద్దరు ఈ సాయంకాలపు పూలనే ఆశ్రయించినారు. జర్మనీ దేశస్థుడైన కార్ల్ కోరెన్స్ చంద్రకాంత ఆకులలోని పచ్చ, తెలుపు మచ్చలను పరిశీలించి, ఆ లక్షణము తల్లి మొక్క నుండి మాత్రమే సంక్రమించునని 1909లో ప్రకటించెను. హాలండు దేశస్థుడైన హ్యూగో డి వ్రీస్ 1886లో హిల్వర్సమ్ పట్టణము చెంత, విడిచిపెట్టబడిన ఒక బంగాళాదుంప పొలములో సంజపూవు జాతి మొక్కలను చూచి, వానిలో ఉన్నట్టుండి కొత్త రూపములు పుట్టుటను గమనించెను. 1901–1903 మధ్య వెలువడిన ఆయన ఉత్పరివర్తన సిద్ధాంతమునకు మూలము ఆ పాడుపొలమే. ఆయన కొత్త జాతులని తలచినవి చాలవరకు క్రోమోజోముల సంఖ్యలోను, అమరికలోను కలిగిన మార్పుల ఫలితములని తరువాతి వారు కనుగొన్నారు. ఒక గొప్ప భావమునకు కారణమైన మొక్కయే ఆ భావమునకు సరియైన సాక్ష్యము కాకపోవుట చిత్రము. ఈ పూవు వైద్య చరిత్రయు ఇంచుమించు ఇట్లే నడచినది.

మొక్క స్వభావము

సంజపూవు ఉత్తర అమెరికా తూర్పు, మధ్య భాగములకు చెందినది. మొదటి ఏట నేలకు అంటుకొని చక్రమువలె పరచుకొన్న ఆకులు మాత్రమే ఉండును. రెండవ ఏట నిటారుగా కాడ లేచి మనిషి నడుము మొదలు తలయెత్తు వరకు పెరుగును. పసుపుపచ్చని నాలుగు రేకుల పూలు సూర్యాస్తమయ వేళ కన్నులెదుటనే, కొద్ది నిమిషములలో విచ్చుకొనును. రాత్రివేళ ఎగురు చిమ్మటలు వాని తేనెకై వచ్చి పరాగమును మోయును. మరునాటి ఎండ ఎక్కువేళకు పూవు వాడిపోవును. మన కవులు వెన్నెలకు విచ్చునని వర్ణించిన కలువ అనేక దినములు మరల మరల విచ్చి ముడుచుకొనును. సంజపూవునకు ఆ భాగ్యము లేదు, దాని బ్రతుకు ఒక్క రాత్రియే.

పూవు అల్పాయువు గాని గింజ దీర్ఘాయువు. అమెరికాలోని మిషిగన్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు విలియమ్ జేమ్స్ బీల్ 1879లో పలు కలుపు మొక్కల గింజలను ఇసుకతో కలిపి 20 సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టించెను. కొన్ని ఏండ్లకు ఒక్కొక్క సీసాను వెలికితీసి ఏ గింజలు మొలకెత్తునో చూచుట ఆ ప్రయోగము ఉద్దేశము. 80 ఏండ్ల తరువాత తీసిన సీసాలో ఇంకను ప్రాణము నిలుపుకొన్న బహుకొద్ది జాతులలో సంజపూవు ఒకటి.

ఈ మొక్కకు చలి దేశములే అనుకూలము. ఈనోథెరా ప్రజాతిలోని గులాబీరంగు పూల జాతి ఒకటి నీలగిరులలోను, హిమాలయ ప్రాంతములలోను తనంతట తాను పెరుగుచున్నది. తెలుగు నేలపై దీని కుటుంబమువారిని చూడగోరినచో వరిపొలముల కాలువల వెంట, చెరువు గట్ల తడినేలలలో నాలుగు పసుపు రేకులతో పూచు లుడ్విజియా మొక్కలను చూడవచ్చును. కుటుంబము ఒక్కటైనంత మాత్రమున గుణము ఒక్కటి కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

వేరు, ఆకు, కడపట గింజ

అమెరికా ఆదివాసులు ఈ మొక్కను వైద్యమునకు వాడినారు. ఓజిబ్వే జాతివారు మొక్కను నానబెట్టి దెబ్బతగిలి కమిలిన చోట పట్టు వేసెడివారు. చెరోకీ జాతివారు వేరును వెచ్చచేసి మొలలకు కట్టెడివారు, వేరును ఉడికించి తినెడివారు కూడ. 17వ శతాబ్ది ఆరంభమున ఇది ఐరోపా తోటలకు చేరినది. ఆంగ్ల మూలికాశాస్త్రజ్ఞుడు జాన్ పార్కిన్సన్ 1629లో ప్రకటించిన ఉద్యానవన గ్రంథములో దీనిని వర్జీనియా నుండి వచ్చిన మొక్కగా వర్ణించెను. జర్మనులు దీని వేరును కూరగా వండుకొన్నారు. ఉడికిన వేరు ఎర్రబారి ఉప్పు పట్టించిన మాంసపు వన్నె పొందుట వలన వారి భాషలో ఆ అర్థముగల పేరే దానికి వచ్చినది. పేరులో తప్ప అందులో మాంసమేమియు లేదు. ఇంగ్లండులో జనులు దీనిని 'రాజుగారి సర్వరోగ నివారిణి' అను అర్థమువచ్చు పేరుతో పిలిచిరి.

ఇచ్చట విద్యార్థులు ఒక్క విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. పై ఉపయోగములన్నియు వేరువి, ఆకువి, మొక్కవి. నేటి గుళికలో ఉన్నది గింజల నుండి తీసిన నూనె. ఆవగింజ కంటెను సన్నని ఆ గింజల నుండి నూనె తీసి వైద్యమునకు వాడుట 20వ శతాబ్దపు పని. 'శతాబ్దములుగా ఆదివాసులు వాడిన మందు' అని ప్రకటనలలో చదివినప్పుడు, వారు వాడినది ఏ భాగము, మనకు అమ్ముచున్నది ఏ భాగము అని ప్రశ్నించుకొనవలెను. వేపపుల్లతో పండ్లు తోముకొన్న తాతల అనుభవము వేపగింజల నూనెను త్రాగుటకు సాక్ష్యము కాదు గదా!

నూనెలో ఉన్నదేమి?

1919లో హైడుష్కా, ల్యూఫ్ట్ అను ఇద్దరు జర్మను రసాయన శాస్త్రజ్ఞులు ఈ నూనెలో అంతవరకు తెలియని ఒక కొవ్వు ఆమ్లమును కనుగొన్నారు. దానికే గామా లినోలెనిక్ ఆమ్లమని పేరు. ఈ నూనె కీర్తికంతటికి ఆధారము ఈ ఒక్క పదార్థమే. నూనెలో ఇది 8 మొదలు 10 శాతము వరకు ఉండును. 70 శాతమునకు పైగా ఉండునది లినోలిక్ ఆమ్లము.

ఈ లినోలిక్ ఆమ్లము మనకు కొత్తది కాదు. తాండూరు, వికారాబాదు ప్రాంతముల రైతులు ఎరిగిన కుసుమ గింజల నూనెలో, సాధారణ రకములలో, ఇది ఇంచుమించు 75 శాతము వరకు ఉండును. పొద్దుతిరుగుడు నూనెలోను అధికముగనే ఉన్నది. లెక్క వేసి చూచెదము. 500 మిల్లీగ్రాముల సంజపూవు గుళికలో లినోలిక్ ఆమ్లము సుమారు 350 మిల్లీగ్రాములు, గామా లినోలెనిక్ ఆమ్లము 40 మొదలు 50 మిల్లీగ్రాములు. ఒక చెంచా కుసుమ నూనెలో లినోలిక్ ఆమ్లము 3 గ్రాములకు పైగా లభించును. అనగా తొమ్మిది పది గుళికలకు సమానము. కావున గుళిక ధరలో మనము నిజముగా కొనుచున్నది ఆ 40, 50 మిల్లీగ్రాములను మాత్రమే.

ఆ కొద్ది పదార్థమునకు అంత విలువ ఎట్లు వచ్చినది? మనము తిన్న లినోలిక్ ఆమ్లమును దేహము డెల్టా-6 డీసాచురేజ్ అను ఎంజైము సహాయముతో గామా లినోలెనిక్ ఆమ్లముగా మార్చుకొనును. దాని నుండి మరికొన్ని మెట్లు దాటి ప్రోస్టాగ్లాండిన్ ఇ-1 వంటి, వాపును అదుపుచేయు పదార్థములు పుట్టును. తల్లిపాలలో కూడ గామా లినోలెనిక్ ఆమ్లము స్వల్పముగా ఉన్నది. కొందరి దేహములో, ముఖ్యముగా ఎగ్జిమా గలవారిలో, ఈ మొదటి మెట్టు మందగించియుండునని, అట్టివారికి ఆ మెట్టు దాటిన పదార్థమునే నేరుగా అందించినచో రోగము తగ్గునని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించినారు. ఈ ఊహ చక్కనిది, తర్కబద్ధమైనది. చక్కని ఊహ ఋజువు కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

యునానీ వైద్యముతో పరిచయము గల మా పాఠకులకు ఇచ్చట ఒక ముచ్చట. ఇదే ఆమ్లము బోరేజ్ అను మొక్క గింజల నూనెలో 20 మొదలు 25 శాతము వరకు, అనగా సంజపూవు నూనె కంటె రెట్టింపునకు మించి ఉన్నది. బోరేజ్ మొక్కయే గావ్‌జబాన్ అని గ్రంథములలో కనిపించును. ఆకు గరుకుగా ఆవు నాలుకవలె ఉండుట చేత ఫారసీలో ఆ పేరు వచ్చినది. ఖమీరా గావ్‌జబాన్ మన పెద్దల అల్మరాలలో ఎన్నడును ఉండెడిదే. మన దేశపు అంగళ్లలో గావ్‌జబాన్ పేరుతో దొరకునది మాత్రము సాధారణముగా హిమాలయ ప్రాంతపు ఒనోస్మా అను వేరొక మొక్క ఆకు. హకీములు వాడునది ఆకును, పూవును, గింజల నూనెను కాదు. గుండెకు, మనస్సుకు బలమని వాడిరి గాని ఈ ఆమ్లము కొరకు కాదు. పైగా బోరేజ్ ఆకులలో కాలేయమునకు హాని చేయగల ఆల్కలాయిడులు స్వల్పముగా ఉన్నందున, గింజల నూనెలో అవి లేవని పరీక్షించిన సరుకునే వాడవలెను. ఒకే పేరు క్రింద రెండు మొక్కలు, ఒకే మొక్కలో మేలు చేయు భాగము, కీడు చేయు భాగము ఉండుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనిపించలేదు.

కీర్తి పెరిగిన విధము, పరీక్షకు నిలువని విధము

ఈ నూనెను ప్రపంచమునకు పరిచయము చేసినవాడు డేవిడ్ హారోబిన్ అను ఆంగ్ల వైద్య శాస్త్రజ్ఞుడు (1939–2003). ఆయన గొప్ప ఉత్సాహి, వాదనాపటుడు. కొవ్వు ఆమ్లముల లోపమే పెక్కు వ్యాధులకు మూలమని నమ్మి, స్కోషియా అను ఔషధ సంస్థను స్థాపించెను. 1982లో లాన్సెట్ పత్రికలో రైట్, బర్టన్ అను వైద్యులు ప్రకటించిన పరిశోధన ఎగ్జిమా రోగులకు ఈ నూనె వలన కొంత మేలు కలిగినదని తెలిపెను. 1985లో అమెరికా వైద్యుడు బామ్‌ఫర్డ్ బృందము ఏ మేలును కనిపించలేదని ప్రకటించెను. అయినను 1989లో పలు పరిశోధనలను కలిపి లెక్కగట్టిన ఒక వ్యాసము నూనె పక్షముననే తీర్పు చెప్పినది. దాని రచయితలలో హారోబిన్ కూడ ఒకరు. ఆ దశాబ్దపు చివర ఇంగ్లండులో ఎగ్జిమాకు 'ఎపోగామ్', ఆ తరువాత రొమ్ము నొప్పికి 'ఎఫామాస్ట్' అను పేర్లతో ఈ నూనె గుళికలకు మందులుగా అనుమతి లభించినది. అనగా వైద్యులు చీటీ వ్రాసి ఇచ్చు స్థాయికి సంజపూవు ఎదిగినది.

ఇచ్చట కొంత ఆగి, మందును పరీక్షించు పద్ధతిని గూర్చి చెప్పవలెను. శాస్త్ర విద్యార్థులకు ఇది తెలిసినదే, కళల విద్యార్థులకు తెలియవలసినది. ఎగ్జిమా ఒక నెల పెచ్చు పెరిగి మరొక నెల తానై తగ్గు స్వభావము గలది. రోగి మందు కొనునది ఎప్పుడు? దురద భరింపరానిదైనప్పుడు. అది తానుగా తగ్గవలసిన సమయమును అప్పుడే సమీపించియుండును. తగ్గినచో కీర్తి గుళికకు పోవును. రెండవది, నమ్మకముతో మ్రింగిన ఉత్తుత్తి మందు కూడ కొంత ఉపశమనమిచ్చును. ఈ రెండు భ్రమలను తొలగించుటకే రోగులను రెండు గుంపులుగా చేసి ఒక గుంపునకు అసలు నూనెను, రెండవ గుంపునకు అదే రూపములో ఆలివ్ నూనెయో, ద్రవ పారఫినో నింపిన గుళికలను ఇత్తురు. ఎవరు ఏది మ్రింగుచున్నది రోగికి గాని, పరీక్షించు వైద్యునికి గాని తెలియదు. కడపట ముడి విప్పి చూతురు. రెండు గుంపులలోను సమానముగా తగ్గినచో ఆ తగ్గుదల మందు వలన వచ్చినది కాదని అర్థము. 'నాకు తగ్గినది, నేనే సాక్షి' అని చెప్పువారు అబద్ధమాడుట లేదు. వారికి తగ్గినమాట నిజమే. ఎందువలన తగ్గినదో ఒక్కరి అనుభవము తేల్చలేదు, అంతే.

ఇట్టి పరీక్షలు పెరిగిన కొలది నూనె కీర్తి తగ్గుచు వచ్చినది. స్కోషియా సంస్థ 2001లో ఆర్థికముగా కూలిపోయినది. 2002 అక్టోబరులో బ్రిటిష్ ఔషధ నియంత్రణ సంస్థ, పని చేయునని చెప్పుటకు తగిన ఆధారము లేదని ఎపోగామ్, ఎఫామాస్ట్ రెండింటి అనుమతులను ఉపసంహరించుకొన్నది. నూనె ప్రమాదకరమని కాదు, ఫలితము ఋజువు కాలేదని మాత్రమే ఆ నిర్ణయము. 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన బోరేజ్ నూనె పరిశోధనలోను ఉత్తుత్తి మందు కంటె మేలు కనిపించలేదు. ఈ చికిత్సకు ఇక వీడ్కోలు పలుకవలసిన వేళయైనదని హైవెల్ విలియమ్స్ అను చర్మవ్యాధుల ఆచార్యుడు అదే పత్రికలో వ్రాసెను. 2013లో కాక్రేన్ సంస్థ 27 పరిశోధనలను, అందు పాల్గొన్న 1,596 మందిని లెక్కలోనికి తీసికొని చేసిన సమీక్షయు, సంజపూవు నూనె గాని బోరేజ్ నూనె గాని లోనికి పుచ్చుకొనుట వలన ఎగ్జిమాకు ఉత్తుత్తి మందు కంటె అధిక ప్రయోజనము లేదని తేల్చినది. ఆ సమీక్షకు నాయకత్వము వహించినవారు 1985లో మొదట కాదన్న ఆ బామ్‌ఫర్డే.

హారోబిన్‌ను మోసగాడని తీసివేయుట మాకు సమ్మతము కాదు. ఆయన ఊహలో పస ఉన్నది. కొవ్వు ఆమ్లముల రసాయన శాస్త్రము ఆయన కృషి వలన ఎంతో ముందుకు సాగినది. అయితే మందును కనుగొన్నవాడు, అమ్మువాడు, దాని పరీక్షలను కూడి లెక్కవేయువాడు ఒక్కడే అయినప్పుడు పాఠకుడు రెండింతలు జాగరూకుడై ఉండవలెను.

తెలుగువారికి ఇందులో మరియొక ప్రమాదము పొంచియున్నది. మనము వాడుకలో 'తామర' అను మాటను ఎగ్జిమాకును వాడుచున్నాము, శిలీంధ్రము వలన గుండ్రని మచ్చలుగా వచ్చి ఒకరి నుండి ఒకరికి అంటుకొను వ్యాధికిని వాడుచున్నాము. ఈ రెండును పూర్తిగా వేరు. పైన చెప్పిన పరిశోధనలన్నియు ఎగ్జిమాకు సంబంధించినవే. అంటు తామరకు సంజపూవు నూనెతో ఏ సంబంధమును లేదు. దానికి శిలీంధ్రనాశక మందు వాడవలెను. నూనె వ్రాయుచు కూర్చున్నచో అది ఇంటిల్లిపాదికి ప్రాకును. ఒక్క మాట రెండు వ్యాధులకు పేరగుట ఎంత చేటో చెప్పుటకు భాషాబోధకులము సంకోచింపనక్కరలేదు.

స్త్రీల బాధలు

మన దేశమున ఈ గుళికలను వైద్యులు అధికముగా వ్రాయుచున్నది రొమ్ము నొప్పికి. నెలసరికి ముందు వచ్చి తరువాత తగ్గు నొప్పి పెక్కుమందిలో తానుగనే కొంతకాలమునకు సర్దుకొనును. 2002లో హాలండులోను, 2005లో బ్రిటనులోను ప్రకటింపబడిన పరిశోధనలలో ఇతర నూనెల కంటె దీని వలన స్పష్టమైన మేలు కనిపించలేదు. నెలసరికి ముందు కలుగు చిరాకు, ఉబ్బరము వంటివానికిని గట్టి ఋజువు లేదు. వైద్యులు ఆలోచించి కొన్నాళ్లు వాడి చూడుమన్నచో వాడుటలో దోషము లేదు.

మేము భయపడునది వేరు విషయమునకు. సిగ్గు చేత వైద్యుని కడకు పోక, తోటివారు చెప్పిన గుళికను కొని తెచ్చుకొని నెలల తరబడి మ్రింగు స్త్రీలు కలరు. రొమ్ములో గడ్డ చేతికి తగిలినను, ఒక్క వైపుననే ఒకే చోట నొప్పి నిలిచియున్నను, చర్మము సొట్టపడినను, చనుమొన నుండి రక్తము కనిపించినను గుళికతో ఒక్క వారమైనను కాలయాపన చేయరాదు. వైద్యురాలిని చూడవలెను. ఇది మా విద్యార్థినులు తమ తల్లులకు, పిన్నమ్మలకు, ఖాలాలకు ఇండ్లలో చదివి వినిపించవలెనని కోరుచున్నాము. చదువుకొన్న ఆడపిల్ల చెప్పిన మాటకు ఇంట విలువ ఉండును.

సౌందర్య సాధనముగా

ఇక సౌందర్యము మాట. ఇచ్చట సంజపూవు నూనెకు న్యాయమైన చోటు కొంత ఉన్నది. లినోలిక్ ఆమ్లము చర్మపు పైపొరలోని కొవ్వు పదార్థముల నిర్మాణమునకు అవసరమైనది. అది బొత్తిగా లోపించినచో చర్మములోని తేమ ఆవిరై పొలుసులు కట్టును. తేలికగా ప్రాకి, పొడిచర్మమును మెత్తబరచు గుణము ఈ నూనెకు కలదు. అందువలననే క్రీములలోను, సబ్బులలోను, పెదవులకు పూయు లేపనములలోను దీనిని చేర్చుచున్నారు. అయితే ఈ మెత్తదనము సంజపూవునకే ప్రత్యేకమైనది కాదు. స్నానానంతరము తడి ఆరక ముందే పూసిన ఏ మంచి లేపనమైనను తేమను నిలుపును. 1999లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధన మరొక విశేషమును చూపినది. ఇదే నూనె ఒక విధమైన క్రీములో కలిపినప్పుడు చర్మపు రక్షణపొరను బలపరచినది, మరొక విధమైన క్రీములో కలిపినప్పుడు ఆ ఫలితమీయలేదు. అనగా పేరు మోసిన నూనె చేరినదా అన్నది ఒక్కటే చాలదు, క్రీము ఏ విధముగా తయారైనదన్నది కూడ ముఖ్యము. సీసాపై పూవు బొమ్మ ఈ సంగతి చెప్పదు.

చర్మపు రంగును తెలుపు చేయునని, మొటిమల మచ్చలను మాపునని, వయస్సును వెనుకకు మరల్చునని చెప్పు మాటలకు ఆధారము లేదు. రంగు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. చామనచాయను రోగముగా చూచి దానికి మందు వెదకు అలవాటు ఈ నూనె వచ్చుటకు ఎంతో ముందే మన ఇండ్లలో ఉన్నది. ఆ అలవాటునకు ఏ మూలికయు బాధ్యురాలు కాదు.

గుళికను సూదితో పొడిచి ఆ నూనెను నేరుగా ముఖమునకు పూయువారు కలరు. వారు మొదట ముంజేతి లోపలి వైపున ఒక చుక్క పూసి ఒక దినము వేచి చూడవలెను. దద్దురు, దురద లేనిచో ముఖమునకు వాడవచ్చును. ఈ నూనె గాలికి, వెలుతురుకు, వేడికి త్వరగా చెడును. మన వేసవిలో కిటికీ అంచున పెట్టిన సీసా ఎన్నాళ్లో నిలువదు. రంగు సీసాలో, చల్లని చీకటి తావున ఉంచవలెను. మక్కు వాసన వచ్చిన నూనెను లోనికి పుచ్చుకొనరాదు, చర్మమునకు పూయరాదు. గుళిక పైతొడుగు సాధారణముగా జంతువుల నుండి తీసిన జెలటిన్. శాకాహార నియమము గల మిత్రులును, హలాల్ విషయమున పట్టింపు గల మా విద్యార్థులును సీసాపై చదివి, అవసరమైనచో మొక్కల పదార్థముతో చేసిన తొడుగు గలవానిని అడిగి తీసికొనవచ్చును.

వాడదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. సాధారణముగా ఈ నూనె వలన కలుగు బాధలు స్వల్పము – కడుపులో వికారము, విరేచనములు, తలనొప్పి. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందులు వాడువారు, శస్త్రచికిత్సకు సిద్ధమగుచున్నవారు వైద్యునికి చెప్పకుండ దీనిని వాడరాదు. మూర్ఛవ్యాధి గలవారు, కొన్ని మానసిక రోగములకు ఫినోథయజీన్ జాతి మందులు వాడుచున్నవారు కూడ ముందుగా అడుగవలెను. గర్భిణులు తమంత తాము దీనిని వాడకుండుట మేలు. ఇక ఇంటిలో ఎగ్జిమాతో బాధపడు పిల్లవాడు ఉన్నచో, గుళికలకు పెట్టు సొమ్ముతో వైద్యుడు చెప్పిన తేమనిచ్చు లేపనమును పెద్ద డబ్బాగా కొని, దినమునకు రెండుమార్లు దండిగా పూయుట, గాఢమైన సబ్బును మానిపించుట, ఉన్ని బట్టలు ఒంటికి తగులకుండ చూచుట, మంట పెచ్చు పెరిగినప్పుడు వైద్యుడు వ్రాసిన పూతమందును చెప్పినన్ని దినములు మానక వాడుట చేయవలెను. ఆ పూతమందును మధ్యలో ఆపి దాని స్థానమున నూనె గుళికను పెట్టరాదు.